తొమ్మిదో పాటలో ఊరి మైకు

ఆ మంగళవారం షిబుకావా తెత్సువో పెట్టుకున్న పనులు రెండే. పదకొండింటికి కొత్త ఆల్బమ్ తుది ప్రతిని సీడీల ఫ్యాక్టరీలో అప్పగించడం, పన్నెండింటికి స్టేషన్ వెనక సందులో కూర్చుని బొగ్గుల మీద కాల్చిన ఈల్ చేపతో అన్నం తినడం. యాభై రెండేళ్ల మనిషి ఒక పూటలో అంతకు మించి ఆశపడకూడదని ఆయన నమ్మకం. ఆ చేప కోసం ఉదయం టిఫిను కూడా మానేసి బయల్దేరాడు.

షిబుకావా టోక్యోలోని ఒక చిన్న కంపెనీలో మేనేజరు. ఇరవై రెండేళ్ల పాటు పాతకాలపు విరహగీతాల గాయకుల వెంట సూట్‌కేసులు మోశాడు. వాళ్ళంతా ఒక్కొక్కరే విశ్రాంతి తీసుకున్నాక, గత మూడేళ్లుగా ఒక రాకుమారి సేవలో ఉన్నాడు. ఆమె పేరు మినాసోకో రూరీ. సముద్రం అడుగున రాజభవనంలో పుట్టింది, జుట్టు నీలం, వయసు ఎప్పటికీ పదిహేడు. కంప్యూటర్ తెరమీద తప్ప మరెక్కడా కనిపించని వర్చువల్ గాయని. ఆమె తుమ్మితే నాలుగు లక్షల మంది ఒకేసారి "చిరంజీవ" అంటారు.

ఆ బొమ్మకు గొంతునూ నవ్వునూ ఏడుపునూ ఇచ్చే మనిషి మాత్రం ఒరితో కజుయే, ముప్పై ఆరేళ్లు. సముద్రపు గాలి కూడా సోకని కునుగిదా అనే చిన్న ఊళ్ళో ఒక లాండ్రీ మేడ మీద అద్దెకుంటూ, పగలంతా కింద కౌంటర్లో చొక్కాలకు చీటీలు గుచ్చుతుంది. ఈ రహస్యం బయటపడితే రూరీ కథ ముగిసినట్టే. లోపలి మనిషి ఫలానా అని లోకానికి తెలిసిన మరునాడే రాకుమారి సముద్రంలోకి తిరిగి వెళ్ళిపోవాలి, మళ్ళీ పైకి రాకూడదు. ఒప్పందంలో అలా ఉంది. చిన్నప్పుడు బడి బృందగానంలో వెనక వరసలో నిలబెట్టి "పెదవులు కదిపితే చాలు" అన్నారట కజుయేను. రూరీ పోతే ఆమెకు మిగిలేవి చొక్కాల చీటీలే. అది తలచుకున్నప్పుడల్లా షిబుకావాకు మనసు చివుక్కుమనేది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోను మోగింది. రికార్డింగ్ చూసే నుమాకురా అనే అమ్మాయి.

"సార్, లోపలికెళ్ళిపోయారా?"

"గేటు దగ్గరున్నా. ఏం?"

"వెళ్ళకండి. వెనక్కొచ్చెయ్యండి. తొమ్మిదో పాటలో ఇంకెవరో ఉన్నారు."

షిబుకావా స్టూడియోకు పరుగెత్తాడు. నుమాకురా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. తొమ్మిదోది ఆల్బమ్‌లో ఆఖరి పాట. రాకుమారి గట్టు మీద నిలబడి "నేనింక ఇంటికి పోతాను" అంటుంది. ఆ మాట దగ్గర గొంతు సన్నగా చీలుతుంది. ఎన్నిసార్లు విన్నా షిబుకావా కళ్ళు తడుస్తాయి, ఈసారీ తడిశాయి.

"బావుంది కదమ్మా, ఇంకేం కావాలి?"

"ఏడవకుండా వినండి సార్."

మూడోసారికి వినబడింది. గొంతు వెనక, చాలా దూరంగా, టింగు టాంగుమంటూ ఒక బాణీ. అది ఊరి మైకు. చీకటిపడే ముందు, స్తంభాల మీది మైకుల్లోంచి "పిల్లలూ, ఇక ఇళ్ళకు పొండి" అని ప్రతి ఊరూ వేసే పాట. ఏ ఊరి బాణీ ఆ ఊరిదే. ఏ మైకు గరగర ఆ మైకుదే. వేలిముద్ర లాంటిది.

ఆ పాటను కజుయే ఇదే స్టూడియోలో ముప్పై ఒక్కసార్లు పాడింది. అద్దం వెనక నుంచి ఐదుగురు చూస్తుంటే, పచారీ చీటీ చదివినట్టు వచ్చింది. చివరికి సిగ్గుపడుతూ, "మా ఇంట్లో పరుపుల అల్మరాలో దూరి పాడుకుంటానండీ" అని వెళ్ళి, ఒక్కసారి పాడి పంపింది. అది విని డైరెక్టరు ఉత్సుగీ కళ్ళద్దాలు తుడుచుకుని, ఇందులో అక్షరం ముట్టుకోవద్దని ఉత్తర్వు జారీ చేశాడు.

షిబుకావా ఫోను చేశాడు. ఫోన్లో కూడా ఆమెను అసలు పేరుతో పిలవకూడదు.

"రూరీ గారూ, ఊరి మైకు మోగే టైములో పాడారా?"

అవతలి నుంచి ఎండుటాకు నలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. అది కజుయే గొంతే. "ఐదింటికి కదా అని... నాలుగున్నరకల్లా అయిపోతుందనుకున్నానండీ."

"మరి?"

"నవంబరు ఒకటి నుంచి చలికాలం టైమట. నాలుగున్నరకే వేసేస్తారు. నోటీసు అంటించారట, నేను చూసుకోలేదు."

"ఏ తారీకున పాడారు?"

"ఒకటిన."

మళ్ళీ పాడిద్దామంటే ఆ గొంతు చూస్తే అలా ఉంది. పరుపుల మధ్య చెమటలు కక్కుతూ పాడి, చల్లటి గదిలోకి ఒక్కసారిగా వచ్చిందట. రెండు నెలలు గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. విడుదల తేదీ ఎప్పుడో చాటేశారు. గొంతూ మైకూ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి, మైకును తీస్తే గొంతు కూడా వచ్చేస్తుందని నుమాకురా తేల్చింది.

"అంత సన్నగా ఉంది కదమ్మా, ఎవరికి వినబడుతుంది?" అన్నాడు షిబుకావా ఆశగా.

"పోయినేడు మీరు టీ కప్పు ఫొటో ఒకటి పెట్టారు, గుర్తుందా సార్?"

గుర్తుంది. చెంచా మీద పడిన కిటికీ నీడను చూసి హోటల్ పేరూ అంతస్తూ చెప్పేసిన అభిమానులు వీళ్ళు. షిబుకావా కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"గుంపులో గోవిందా!" అని లేచాడు. "మిగతా ఎనిమిది పాటల్లోనూ ఒక్కో ఊరి మైకు పెట్టేద్దాం. తొమ్మిది ఊళ్ళలో మన ఊరేదో ఎవడు కనిపెడతాడు?"

డైరెక్టరు ఉత్సుగీకి ముప్పై ఒకటి. ఇదివరకు ప్రకటనలు రాసేవాడు కనుక ఆపదను ప్రకటనగా మార్చడం చేతనైనవాడు. సంగతి వినగానే ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! నేలమీది సాయంత్రాలన్నీ రాకుమారి చెవిన పడుతున్నాయన్నమాట. ఆల్బమ్ మొత్తానికి ఆత్మ ఇదే. మనం మొదట్నుంచీ అనుకున్నదే కదా?"

"అవునండీ, మొదట్నుంచీ," అన్నారందరూ. ఆ మాట వాళ్ళు వినడం అదే మొదలు.

షిబుకావా ఫ్యాక్టరీకి వెళ్ళి, నడుము తొంభై డిగ్రీలు వంచి, యోకాన్ పెట్టె ముందుపెట్టి రెండు రోజుల గడువు తెచ్చాడు. ఎర్ర గింజలతో చేసే ఆ గట్టి హల్వాకు కరగని మనసు లేదని విరహగీతాల రోజుల్లోనే ఆయన నేర్చుకున్నాడు. ఎనిమిది మంది ఉద్యోగులు రికార్డర్లు పట్టుకుని ఎనిమిది ఊళ్ళకు బయల్దేరారు. ఒకాయన ఐదింటికి చేరేసరికి అక్కడ నాలుగున్నరకే మోగిపోయింది. ఇంకొకాయన పాట కోసం మైకు కింద నిలబడితే, గోధుమరంగు టోపీ పెట్టుకున్న తాతగారొకరు తప్పిపోయారని ప్రకటన వచ్చింది. ఈయన రికార్డర్ పక్కన పెట్టి తాతగారిని వెతికి, అప్పజెప్పి, మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మూడో ఆమె పాటలో ఒక కుక్క కూడా గొంతు కలిపింది. ఉత్సుగీ ఆ కుక్కను ఉంచేయమన్నాడు.

ఆల్బమ్ విడుదలైంది. పత్రికలు మెచ్చుకున్నాయి. "నగర జీవి మరిచిన సాయంత్రాన్ని సముద్రపు పిల్ల గుర్తుచేసింది" అని ఒక విమర్శకుడు రెండు కాలాలు రాశాడు. అభిమానులు మొదటి రోజే ఎనిమిది ఊళ్ళనూ పోల్చుకుని, రైలెక్కి వెళ్ళి ఆ మైకుల కింద నిలబడి వినడం మొదలుపెట్టారు. మునిసిపాలిటీలు మురిసిపోయాయి. ఒక ఊరు నీలం రంగు బన్ను కూడా కాల్చింది. షిబుకావా మీసం లేకపోయినా మెలేసుకున్నంత పనిచేశాడు.

పదో రోజున, పాత రేడియో అని పేరు పెట్టుకున్న ఒక అభిమాని నాలుగు వాక్యాలు రాశాడు. ఎనిమిది మైకులూ ఆరుబయట తీసినవి. ఆకులున్నాయి, స్కూటర్లున్నాయి, కుక్క ఉంది. తొమ్మిదోది మాత్రం ఒక కిటికీనీ ఒక గోడనూ సుమారు మూడు పరుపులనూ దాటి వచ్చింది. అది కునుగిదా ఊరి మైకు, స్తంభాన్ని ఆనుకున్న సందులోంచి విన్నది.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మెదలకుండా ఊరుకుని ఉంటే ఆ టింగు టాంగును ఏ తలుపు చప్పుడో అనుకునేవారు. ఎనిమిది ఊళ్ళ మైకులు మోగించి, తొమ్మిదోది జాగ్రత్తగా వినండహో అని చాటింపు వేసింది షిబుకావాయే. ఆదివారం సాయంత్రం కునుగిదాలో కలుద్దామని అభిమానులు నిర్ణయించుకున్నారు. గట్టిగా మాట్లాడరాదు, ఎవరి చెత్త వాళ్ళే తీసుకెళ్ళాలి, ఊరివాళ్ళకు ఇబ్బంది కలిగించరాదు అని నియమాలు కూడా రాసుకున్నారు. అల్లరిమూక అయితే పోలీసులకు చెప్పొచ్చు. ఇంత మర్యాదస్తులను ఏం చేయాలో షిబుకావాకు తోచలేదు.

"నేను ఊరొదిలి వెళ్ళిపోనా?" అని కజుయే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపింది. కింద చిన్న అక్షరాలతో, "మూడేళ్ళు బాగా గడిచాయండీ, అది చాలు" అని ఉంది.

ఆ రెండో వాక్యం షిబుకావాకు నిద్రలేకుండా చేసింది. తెలిసిన విద్య ఒక్కటే. మళ్ళీ యోకాన్ కొన్నాడు. ఈసారి పదకొండు పెట్టెలు. కజుయే ఉండే సందులో ఇళ్ళు పన్నెండు. జనం వచ్చిపడే ముందే ఇరుగుపొరుగుకు తలవంచి మన్నించమంటే, రేపు ఏ గొడవైనా వాళ్ళు నోరు విప్పరు. పూర్వం తన గాయకులు తాగి గోలచేసిన ప్రతి వీధిలోనూ ఇలాగే గట్టెక్కాడు.

ఆదివారం మూడున్నరకల్లా నల్లసూటులో కునుగిదా చేరాడు. మొదటి తలుపు తట్టాడు.

"అసౌకర్యానికి మన్నించాలి," అని వంగాడు.

"ఏం అసౌకర్యం బాబూ?" అంది ఒకావిడ చేతులు తుడుచుకుంటూ.

"అదీ... అన్నీ కలిపి."

"వాటర్ పైపు వాళ్ళా మీరు?"

"కాదండీ. ఊరికే, మన్నించమని."

ఆవిడ అయోమయంగా పెట్టె పుచ్చుకుంది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఎందుకని అడిగిన ప్రతివాళ్ళకూ ఇంకాస్త లోతుగా వంగాడు. పదకొండో తలుపు లాండ్రీని ఆనుకుని ఉన్న ఇంటిది. తాతెమత్సు బామ్మగారు, ఎనభై ఒకటి, ఆ మేడ గదికి యజమానురాలు. ఆమె పెట్టె అందుకుని, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఊఁ" అని మాత్రం అంది.

పని పూర్తయిందని నిట్టూర్చి షిబుకావా వెనక్కు తిరిగాడు. సందు మొదట్లో అరవై మంది ఉన్నారు. ఆలస్యంగా వెళ్ళడం మర్యాద కాదని గంట ముందే వచ్చి, నీలం మఫ్లర్లు కట్టుకుని, ఇద్దరిద్దరుగా వరసలో చప్పుడు లేకుండా నిలబడి, ఆయన్నే చూస్తున్నారు. ముందున్న అమ్మాయి చేతిలో సందు పటం ఉంది. అందులో పదకొండు ఇళ్ళకు టిక్కులున్నాయి. ఒక్క ఇంటికి లేదు.

షిబుకావా లాండ్రీకి పెట్టె ఇవ్వలేదు. ఎందుకిస్తాడు? మన మనిషి తరఫున పొరుగువాళ్ళకు క్షమాపణ చెబుతాం గానీ, మన మనిషికే చెబుతామా? వెతుకుతున్న వాళ్ళ కళ్ళెదుటే ఆ ఇంటి చుట్టూ తన చేత్తో తనే గిరిగీశాడు. పైన కిటికీ తెర కొంచెం కదిలింది. వెనక వరసలో నిలబెట్టిన పిల్లను ఒక్క రాకుమారి ముందుకు తెస్తే, తను ఒక్క మధ్యాహ్నంలో తిరిగి వెనక్కు నెట్టేశాడు. ఆయనకు నిజంగానే ఏడుపు వచ్చింది.

బ్యాంకు ఉద్యోగిలా ఉన్న నలభై ఏళ్ల అభిమాని ఒకడు ముందుకు వచ్చి వంగాడు. "శ్రమ ఇస్తున్నందుకు మన్నించాలి. ఆ మేడ మీద ఎవరుంటారో తెలుసుకోవచ్చాండీ?"

షిబుకావా నోరు తెరిచాడు.

"ఇంకెవరుంటారూ, ఈయనే!" అని వెనకనుంచి వినబడింది.

తాతెమత్సు బామ్మగారు చెప్పులు ఈడ్చుకుంటూ సందులోకి వచ్చింది. చేతిలో యోకాన్ పెట్టె అలాగే ఉంది. "మూడేళ్ళయింది మా గది అద్దెకు తీసుకుని. అల్మరాలో దూరడం, ఆడగొంతు పెట్టి పాడటం! కంప్యూటర్లో ఏదో తిప్పుతాడట, గొంతు మారిపోతుందట. ఇన్నాళ్ళకి సిగ్గొచ్చి స్వీటు పట్టుకొచ్చాడు, చూడండి!"

"మా పాప పరీక్షలప్పుడు కూడా ఆపలేదండీ," అని మొదటి ఇంటావిడ గుమ్మంలోంచి అందుకుంది.

"ఆదివారం పొద్దున్న కూడా స్వరాలే," అన్నాడు ఐదో ఇంటి పెద్దాయన. "మనిషి చూడబోతే నెమ్మదస్తుడు. పాడబోతే పదిహేడేళ్ళ పిల్ల."

అరవై మందీ ఒక్కసారి ఊపిరి పీల్చారు. అంతా సరిపోయింది. చప్పుడు చేసినవాడు కాకపోతే ఇంటింటికీ తిరిగి మన్నించమని ఎవడు అడుగుతాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నల్లసూటు వేసుకుని మరీ తడుముకున్నాడీయన. తన ఇంటికి తను పెట్టె ఇచ్చుకోడు కదా, అందుకే లాండ్రీకి టిక్కు లేదు.

సరిగ్గా అప్పుడే నాలుగున్నర అయింది. స్తంభం మీది మైకు టింగు టాంగుమంది. షిబుకావా చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. అవి గండం గడిచిన ఆనందంతో వచ్చినవని వాళ్ళకేం తెలుసు? ముందున్న అమ్మాయి వెక్కింది. బ్యాంకు ఉద్యోగి కళ్ళద్దాలు తీశాడు. లోపలి మనిషి తెలిసినా తెలియనట్టుండటం వాళ్ళ ధర్మం కనుక ఎవరూ ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. అరవై నడుములు ఒక్కసారి వంగాయి. తర్వాత కింద పడిన కాగితం ముక్కలన్నీ ఏరుకుని, ఇద్దరిద్దరుగా స్టేషన్ వైపు వెళ్ళిపోయారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరింటికల్లా దేశమంతా తెలిసిపోయింది.

బామ్మగారు షిబుకావాను లోపల కూర్చోబెట్టి టీ పోసింది.

"మీకు... ఎప్పట్నుంచి తెలుసండీ?"

"మొదటి వారం నుంచీ. ఈ గోడలు అట్టముక్కలయ్యా. ఆ పిల్ల పాడే టైముకి నేను వాషింగ్ మెషీను వెయ్యను. ఎదురింటాయన కుక్కను షికారుకు తీసుకుపోతాడు. సందులో అందరం ఆ సీడీ కొన్నాం." గొంతు తగ్గించింది. "మా ఆయన పోయిన ఏడాదంతా ఆ గోడకి వీపు ఆనించుకుని కూచునేదాన్ని. ఆ పాటే లేకపోతే ఏమయ్యేదాన్నో. మాకు తెలుసని మాత్రం దానికి చెప్పకు. సిగ్గుపడి మానేస్తుంది."

షిబుకావా చాపకు నుదురు ఆనేదాకా వంగాడు. ఆ వంగడంలో ఈసారి ఏ ఎత్తుగడా లేదు.

సోమవారం ఉత్సుగీ ఆయన్ని గదిలోకి పిలిచాడు. ఒప్పందం ప్రకారం లోపలి మనిషి తెలిసిపోతే రూరీ వెళ్ళిపోవాలి. అయితే తెలిసిపోయింది లోపలి మనిషి కాదు. ఈ చిక్కు మీద ఉత్సుగీ అరగంట ఆలోచించాడట. ఆలోపలే సీడీలు అయిపోయి మూడోసారి అచ్చువేస్తున్నట్టు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది.

"ఎవరడిగినా అవుననద్దు, కాదనద్దు," అన్నాడు డైరెక్టరు. "కాదంటే మరి ఎవరూ అని వెతుకుతారు. ఇంట్లో కూడా అంతే. సంతకం పెట్టండి."

"ఇంట్లో కూడానా?"

"రూరీ గారి కోసం."

ఆ మాట తర్వాత షిబుకావా సంతకం పెట్టక ఏం చేస్తాడు? కజుయే ఉత్తరం రాసింది. వచ్చే నెలకు గొంతు వచ్చేస్తుందట, అల్మరాలో ఇంకో పరుపు వేసిందట, ఇరుగుపొరుగు ఎవరికీ ఏమీ తెలియకపోవడం తన అదృష్టమట. ఆఫీసుకు బస్తాలకొద్దీ అభిమానుల ఉత్తరాలు వచ్చాయి. మోకాళ్ళు జాగ్రత్త రాకుమారీ అని కొందరు రాశారు. రైల్లో కుర్రకారు చప్పున లేచి, ఏమీ ఎరగనట్టు కిటికీలోకి చూస్తూ, ఆయనకు చోటిస్తున్నారు.

ఒక రాత్రి ఇంటికి వెళ్ళేసరికి భార్య నొబుయో భోజనాల బల్ల ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళలో ఆయన పని గురించి ఏనాడూ అడగని మనిషి.

"ఏమండీ, తొమ్మిదో పాట విన్నాను."

షిబుకావా చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

"నేనింక ఇంటికి పోతాను అన్నచోట ఎంత ఏడ్చానో. ఇన్నేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే మీకు ఇల్లు గుర్తే లేదనుకున్నాను. మనసులో ఇంత పెట్టుకుని నాతో ఒక్క ముక్కయినా అన్నారా ఎప్పుడైనా?"

కాదనకూడదు. అవుననకూడదు. అసలా ముఖం చూస్తే కాదనాలని కూడా అనిపించలేదు. ఆయన బల్ల దగ్గర కూర్చుని భార్య చేయి పట్టుకున్నాడు. ఆ పని చేసి చాలా ఏళ్ళయింది.

"ఆ ఒక్క చరణం నా ఎదురుగా పాడరూ?" అందామె.

"గొంతు బాలేదే," అన్నాడు షిబుకావా.

చలికాలం పోయింది, చెర్రీలు పూసి రాలాయి. షిబుకావా ఇంకా మెడకు మఫ్లర్ చుట్టుకునే భోజనానికి కూర్చుంటున్నాడు.